గడప పాట

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మా తాత ఆ నెల చూసుకుని పళ్ళు పీకించుకున్నాడు.

బ్యాండులో వాయించేవాళ్ళంతా ఇలాంటి పనులు ఆషాఢానికే పెట్టుకుంటారట. ట్రంపెట్టు వాయించే ఆయన హెర్నియా ఆపరేషన్ పోయిన ఆషాఢంలోనే చేయించుకున్నాడు. డ్రమ్ములకు కొత్త తోలు వేయించేదీ, కోట్లకు ఊడిపోయిన జరీ కుట్టించేదీ, కంట్లో పొర తీయించుకునేదీ అన్నీ అప్పుడే. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేసరికి మనిషీ వాయిద్యమూ రెండూ సిద్ధంగా ఉండాలి. తాత చేసిన పొరపాటు ఒకటే. చిగుళ్ళు గట్టిపడడానికి ఎన్నాళ్ళు పడుతుందో డాక్టరును అడగలేదు. పళ్ళు కూడా డ్రమ్ము తోలు లాంటివే, వేయించిన వారానికి బిగుసుకుంటాయి అనుకున్నాడు.

మా తాత పేరు గంగన్న. అమ్మకు నాన్న. పగలు కాటన్‌పేటలో ఒక పరుపుల అంగడిలో పని చేస్తాడు. దూది బేళ్ళు దింపించుకోవడం, ఎవరి పరుపు ఏ రోజుకు కావాలో చూసుకోవడం ఆయన పని. సాయంత్రాలూ, ముహూర్తం ఉన్న రోజులూ ఎర్రకోటు వేసుకుని చిక్కమునియప్ప బ్యాండులో క్లారినెట్టు వాయిస్తాడు. నలభై ఏళ్ళుగా అంతే. నేను మడకశిర పక్కన మా ఊళ్ళో పదో తరగతి ముగించి, సరిహద్దు దాటి ఈ కన్నడ సిటీలో పీయూసీలో, అంటే ఇంటరులో, చేరడానికి ఈ వేసవిలో తాత దగ్గరికి వచ్చాను. అంగడి పైనే రెండు గదుల ఇల్లు. అంతకుముందు తాత వాయించడం నేను దగ్గరగా విన్నది లేదు. మా ఊరికి వచ్చినప్పుడు క్లారినెట్టు తెచ్చేవాడు కాదు. బస్సులో ఎవరైనా దాని మీద కూర్చుంటే కీలు వంగిపోతాయని భయం.

తాతకు తన మొహం అంటే చాలా ఇష్టం. ఇది అవ్వ మాట. ఆదివారం ఆదివారం జుట్టుకు రంగు వేసుకుంటాడు. మీసం కత్తిరించుకోవడానికి ఒక చిన్న కత్తెర, దానికి ఒక డబ్బా. కోటును ఇస్త్రీ అంగడికి ఇవ్వడు, తనే చేసుకుంటాడు. అలాంటి మనిషి పై పళ్ళు పీకించుకున్నాక, కట్టుడు పళ్ళు వచ్చేదాకా, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే తిరిగాడు. అంగడిలో అందరికీ జలుబు అని చెప్పాడు.

"జలుబంటే ముక్కుకు పెట్టుకోవల్ల గుడ్డ, మూతికి కాదు," అని అవ్వ నవ్వేది.

"నువ్వు సుమ్నే ఉండు బాలమ్మా," అని తాత తువ్వాలు వెనకనుంచే ఊరుకోమనేవాడు.

పళ్ళు వచ్చాయి. తెల్లగా, వరసగా, తాత అసలు పళ్ళకన్నా బాగున్నాయి. అద్దంలో ఎంతసేపు చూసుకున్నాడో. తర్వాత పెట్టె తెరిచి, క్లారినెట్టు ముక్కలన్నీ బిగించి, ఊదేచోట బిగించే సన్నటి రెల్లు బద్దను, రీడును, నీళ్ళలో నానబెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఊదాడు.

కీచుమంది.

మళ్ళీ ఊదాడు. మళ్ళీ కీచు. క్లారినెట్టు వాయించేవాళ్ళు కింది పెదవిని రీడు కింద మెత్తగా పెట్టి, పై పళ్ళను మౌత్‌పీస్ మీద గట్టిగా ఆనించి పట్టుకుంటారు. బరువంతా ఆ పై పళ్ళ మీదే. కట్టుడు పళ్ళు ఆ బరువుకు కదిలిపోతున్నాయి. అవి కదిలినప్పుడల్లా గాలి పక్కకు పోయి, పాట మధ్యలో ఎవరో గిల్లినట్లు కేక.

"ఏమయ్యో, పక్కింటోళ్ళు మనం పిల్లిని తొక్కినామనుకుంటారు," అంది అవ్వ వంటింట్లోంచి.

తాత నవ్వలేదు.

పళ్ళు కట్టిన డాక్టరు నళిని దగ్గరికి నేనూ తోడు వెళ్ళాను. ఆవిడ మంచిది, ఓపికగా చెప్పింది. "తాతా, గమ్స్ సెట్ కావాలంటే మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పుడు మళ్ళీ టైట్ చేసి ఇస్తాను. అంతవరకు మీ ఇన్‌స్ట్రుమెంట్‌కి రెస్ట్ ఇవ్వండి."

"మారెమ్మకు మీరు చెప్తారా డాక్టరమ్మా, నాలుగు నెలలు ఆగమని?" అన్నాడు తాత.

ఆవిడకు అర్థం కాలేదు. నాకూ అప్పుడు సగమే అర్థమైంది.

మా వీధి చివర మారెమ్మ గుడి ఉంది. చిన్నది, మూడు మెట్లు, ఒక గడప. ఆషాఢం చివరి ఆదివారం అమ్మవారిని పల్లకిలో వీధి తిప్పుతారు. ఆ రోజు బ్యాండు మొదట వాయించేది గడప పాట. దానికి వేరే పేరు లేదు, మాటలు కూడా లేవు. పల్లకి గడప దాటేటప్పుడు ఒక్క క్లారినెట్టు దాన్ని ఎత్తుకుంటుంది. మిగతా బ్యాండు వెనక మెల్లగా నడుస్తుంది. మలుపులో ఉన్న చౌడమ్మవాళ్ళ ఇంటి ముందు మొదటి హారతి ఇచ్చేవరకు ఆ పాట తెగకూడదు. తెగితే పల్లకి వెనక్కి తిరిగి, గుడిలోకి పోయి, మళ్ళీ గడప దాటాలి. అలా తిరిగి వచ్చిన ఏడాదిని వీధిలో పెద్దవాళ్ళు పదేపదే తలచుకుంటారు, ఆ ఏడాది జరిగిన ప్రతి చెడ్డా దానికే అంటగడతారు. తాత చేతికి ఆ పాట వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా తెగలేదు.

ఆ ఆదివారానికి ఇంకా ఎన్నో రోజులు లేవు.

మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లారకముందే వస్తాయి. బిందెలు నింపే పని నాది. అలా ఒక పొద్దున కింది కుళాయి దగ్గర ఉన్నప్పుడు పాట వినిపించింది. మొదట ఎవరింట్లోనో రేడియో అనుకున్నాను. మెత్తగా, గుండ్రంగా ఉంది ఆ శబ్దం. అమ్మ పని చేసుకుంటూ నోరు తెరవకుండా గొంతులోనే పాడుకుంటుంది చూడండి, అలా ఉంది. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. మెట్లెక్కి పైకి వస్తే అది మా స్నానాల గదిలోంచే వస్తోంది.

గది బయట గూట్లో స్టీలు గ్లాసు ఉంది. దాంట్లో నీళ్ళు, నీళ్ళలో తాత పళ్ళు.

పాట ఆగేవరకు అక్కడే నిలబడ్డాను. తాత తలుపు తీసి నన్ను చూసి, గబుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయి, పై పెదవి చిగుళ్ళ మీదికి ముడుచుకుపోయి, ఎవరో వేరే ముసలాయన లాగా ఉన్నాడు.

"తాతా, నువ్వేనా వాయించింది? ఒక్కసారి కూడా కీచుమనలేదు."

"పండ్లు లేకుంటే కదిలేదేముంటాది?" అన్నాడు చెయ్యి అడ్డం పెట్టుకునే. "రెండు పెదాలూ మడిచి పట్టుకుంటే సరిపోతాది. శబ్దం తక్కువే. కానీ మాట వింటాది."

"మరి అట్లే వాయించొచ్చు కదా?"

"వీధి మధ్యలోనా? ఈ మూతితోనా?" తాత గ్లాసు అందుకుని, వెనక్కి తిరిగి పళ్ళు పెట్టుకున్నాడు. తిరిగినప్పుడు మళ్ళీ మా తాత. "పాపా, ఇది ఎవురికీ చెప్పొద్దు. మీ అవ్వకు కూడా."

అవ్వకు అప్పటికే తెలుసు. అది తాతకు తెలియదు.

ఆ తర్వాత నీళ్ళు రాని రోజుల్లో కూడా నేను ఆ వేళకు లేచేదాన్ని.

పండగ ముందరి శుక్రవారం సాయంత్రం బ్యాండు గదిలో అందరూ చేరారు. బ్యాండు గది అంటే ఒక షట్టరు, గోడ నిండా కొక్కేలకు వేలాడే డ్రమ్ములు, కోట్లు. చిక్కమునియప్పే యజమాని, శాక్సాఫోను ఆయనదే. తాతకన్నా పదేళ్ళు చిన్న, అందుకని "గంగన్నా" అంటాడు. రెండో క్లారినెట్టు సుధీర్, మహదేవపురలో కార్ల షెడ్డులో పని, పని ముగించుకుని బండి మీద వస్తాడు. తాతను మాస్టర్ అంటాడు. ఇంకా చైతు అని డ్రమ్ము కుర్రాడు, మిగతావాళ్ళు. తాత మరిచిపోయిన రీడ్ల డబ్బా ఇచ్చి రమ్మని అవ్వ నన్ను పంపింది. ఇంతమంది మగవాళ్ళ మధ్యకు పోవాలంటే నాకు కాళ్ళు రావు. డబ్బా ఇచ్చేసి షట్టరు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తాత ఆ రోజు పళ్ళు కదలకుండా అంటించే పేస్టు కొని తెచ్చుకున్నాడు. కొంచెం రాస్తే చాలని దాని మీద ఉందట. తాత కొంచెంతో ఆగే మనిషి కాదు.

గడప పాట ఎత్తుకున్నాడు. మొదటి వరస బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది, చిక్కమునియప్ప తల ఊపాడు. రెండో వరస కూడా. మూడో వరసలో పై స్వరానికి పోయేటప్పుడు చిన్న కీచు, ఆ వెంటనే పెద్దది. తాత ఊపిరి తీసుకోవడానికి క్లారినెట్టును నోట్లోంచి తీశాడు.

పళ్ళు దానితోపాటే వచ్చేశాయి.

మౌత్‌పీస్‌కు అంటుకుని వేలాడుతున్నాయి. ఎర్రటి చిగుళ్ళతో, తెల్లగా, నవ్వుతున్నట్లు. చైతు ఆపుకోలేక పకపకా నవ్వాడు. మిగతావాళ్ళు కూడా. ట్రంపెట్టు ఆయన గోడ వైపు తిరిగి భుజాలు ఊగిస్తున్నాడు.

"మాస్టర్, అవి కూడా పాడాలంటున్నాయి!" అన్నాడు ఎవరో.

తాత తువ్వాలు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. కోటు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నగువద్దండప్పా, సుమ్నే ఉండండి," అని చిక్కమునియప్ప కసిరాడు కానీ ఆయనకూ నవ్వు వస్తోంది. తర్వాత తాత దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "గంగన్నా, బేజారు చేసుకోవద్దు. ఈ యేడు స్వల్ప రెస్టు తీసుకో. సుధీర్ ఎత్తుకుంటాడు. నువ్వు మాత్రం బ్యాండులోనే ఉండల్ల, ముందు వరసలో, కోటేసుకోని. తాళం పట్టుకో." కొక్కేనికి ఉన్న పెద్ద ఇత్తడి తాళాలు తీసి తాత చేతిలో పెట్టాడు.

తాత వాటి వైపు చూశాడు. సరే అన్నట్లు తల ఊపాడు. నలభై ఏళ్ళు ఆ వేళ్ళు క్లారినెట్టు కీల మీద ఆడాయి. ఇప్పుడు తాళాల తోలు పట్టీలను ఎలా పట్టుకోవాలో తెలియక తడుముకుంటున్నాయి.

నేను మాట్లాడాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. "తాత పండ్లు లేకుండా వాయిస్తే ఏమీ కాదు."

అందరూ నా వైపు తిరిగారు. బడిలో తెలిసిన జవాబుకు కూడా చెయ్యి ఎత్తని దాన్ని నేను. కానీ మొదలుపెట్టాక ఆపడం ఇంకా కష్టం. "పొద్దున దినామూ వాయిస్తాడు. గడప పాట అంతా, మొదటినుంచి చివరిదాకా. యాడా తెగదు. మీరు విన్లేదు గానీ."

"బోడినోటితో క్లారినెట్టా?" అన్నాడు చైతు.

"గంగన్నా, నిజమా?" అన్నాడు చిక్కమునియప్ప.

తాత నన్ను ఒక్క చూపు చూశాడు. "చిన్నపిల్ల, ఏందో అనింది. ఇడ్సిపెట్టు," అని తాళాలు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఇల్లు చేరేవరకు ఒక్క మాట లేదు.

అన్నాల దగ్గర కూడా లేదు. పప్పు కావాలంటే అవ్వను అడిగాడు, నా ముందే గిన్నె ఉన్నా. అవ్వ కాసేపు ఓర్చుకుంది.

"పాపతో యాల మాట్లాడవు? ఆ పిల్ల తప్పేముండాది?"

"నీకు తెల్దులే."

"నాకు తెల్దా? దినామూ పొద్దున స్నానాల గదిలో కూసోని నువ్వు ఊదేది ఈ వీధికంతా తెలుసు. కింద పాలాయన ఏమన్నాడో తెలుసా? మీ ఆయనకు ఈ మధ్య మంచి పనితనం వచ్చినట్లుండాదే అన్నాడు."

తాత అన్నం కలిపే చెయ్యి ఆగింది. "ఈ మొగంతో నలుగుర్లో నిలబడమంటావా? సెల్లులు పట్టుకోని నిలబడుకుంటారు అందరూ. నగుతారు."

"నగనీ. మన పెండ్లినాడు నగలేదా? మేళగాడి చేతిలోంచి క్లారినెట్టు పెరుక్కోని, పీటల మీదనే ఊదితివి. పెండ్లికొడుకు మొగం చూడమ్మా అన్నారని నేను తలెత్తి చూస్తే, మొగం యాడుండాది? నల్ల గొట్టమొకటి, దాని వెనక ఉబ్బిన బుగ్గలు రెండు. మా చెల్లెండ్లు ఎంత నగిరో! నేను చేసుకునింది దాన్నే. నీ పండ్లు ఎవురు చూసిరి?"

"అప్పుడు పండ్లు బాగుండె," అన్నాడు తాత చిన్నగా.

"ఎవురు చూసిరంట?"

నాకు నవ్వు వచ్చింది. తల వంచుకుని ఆపుకున్నాను. తాత అన్నం తిని చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. తర్వాతి పొద్దున నేను కింద నీళ్ళు పడుతుంటే పైనుంచి పాట రాలేదు. ఆదివారం కూడా రాలేదు. తాళాల పట్టీలకు నూనె రాసుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం సాయంత్రం సన్నగా చినుకులు పడి ఆగాయి. వీధంతా వేపాకు తోరణాలు, రంగుల బల్బులు, ప్రతి గుమ్మం ముందూ తడిసిన ముగ్గు. ఇంటికొకరు కాదు, ఇంట్లో ఉన్నవాళ్ళందరూ బయటే. అవ్వా నేనూ గుడి మెట్ల పక్కన నిలబడ్డాం. బ్యాండు ఎర్రకోట్లతో రెండు వరసలుగా నిలబడింది. ముందు వరసలో మొదట సుధీర్, రెండో చివర తాత. టోపీ, జరీ, నల్లగా మెరిసే జుట్టు, తెల్లటి పళ్ళు. చేతుల్లో తాళాలు. చూడడానికి మాత్రం ఆ వరసలో అందరికన్నా తాతే బాగున్నాడు.

లోపల గంట మోగింది. మోసేవాళ్ళు పల్లకి భుజానికెత్తుకున్నారు. సుధీర్ క్లారినెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. వాడి మొహం చెమట పట్టి ఉంది. సినిమా పాటలు వాడు చాలా బాగా వాయిస్తాడు, ఈ వీధిలో పుట్టినవాడు కాదు కాబట్టి ఈ పాట అంటే భయం. అది తప్పేమీ కాదు.

అప్పుడు తాత వరసలోంచి బయటికి వచ్చాడు. తాళాలు చైతు డ్రమ్ము మీద పెట్టాడు. నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చాడు. రెండు రోజుల తర్వాత నా మొహంలోకి చూడడం అదే మొదలు. జేబులోంచి తెల్ల చేతిగుడ్డ తీశాడు. వీధి మొత్తం చూస్తుండగా, వెనక్కి తిరగకుండా, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నోట్లో వేళ్ళు పెట్టి పళ్ళు తీసి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"బద్రం పాపా," అన్నాడు. ఆ మాట కూడా గాలితో కలిసి వచ్చింది.

ఎవరో ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. మిద్దె మీదినుంచి ఒక పిల్లాడు "తాత పండ్లు తీసేసినాడు చూడు!" అని అరిచాడు. నవ్వు వీధి పొడుగునా పాకింది. తాత విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగకుండా సుధీర్ పక్కకు పోయి చెయ్యి చాచాడు. శుక్రవారం తాత బ్యాండు గదిలోనే వదిలేసిన క్లారినెట్టు పెట్టె చిక్కమునియప్ప కాళ్ళ దగ్గర ఉంది. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి. సుధీర్ వంగి, తీసి, గబగబా ముక్కలు బిగించి అందించాడు.

పల్లకి గడప మీదికి వచ్చింది.

తాత రెండు పెదాలూ లోపలికి మడిచి మౌత్‌పీస్ పట్టుకున్నాడు. బుగ్గలు గుంటలు పడి, టోపీ కింద ముఖం ఇంతైపోయింది. ఊదాడు.

మొదట వినపడలేదు. డ్రమ్ముల కింద అది మునిగిపోయింది. చిక్కమునియప్ప ఒక్కసారి తాత వైపు చూసి, అరచెయ్యి కిందికి చూపాడు. డ్రమ్ములవాళ్ళు పుల్లలు చంకలో పెట్టుకుని వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టారు. ట్రంపెట్లు కిందికి దిగాయి. అప్పుడు వినిపించింది. నేను కుళాయి దగ్గర విన్నదే. కాకపోతే ఇప్పుడు దాని చుట్టూ వీధి ఉంది, దీపాలు ఉన్నాయి, పల్లకి గజ్జెలు ఉన్నాయి. అంత చిన్న శబ్దం వినాలంటే మాట్లాడడం మానాలి. ఒక్కొక్కరే మానారు. నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్న ఆడపిల్లలు అలాగే ఉండిపోయారు. మిద్దె మీది పిల్లాణ్ణి వాళ్ళమ్మ ఒడిలోకి లాక్కుంది.

మేం పక్కనే నడుస్తూ వెళ్ళాం. సగం దూరం బాగానే సాగింది. అక్కడ, వద్దన్నా వీధిలోకి వచ్చిన ఒక సామాన్ల టెంపో వెనక్కి పోలేక అడ్డంగా ఇరుక్కుంది. పల్లకి ఆగింది. పల్లకి ఆగినా పాట ఆగకూడదు.

"వెనక్కి తియ్యప్పా! హిందక్కె, హిందక్కె!" అని అరుపులు. టెంపో ముందుకూ వెనక్కూ ఊగుతోంది. తాత మొదటి వరస మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ ముగించాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. పెదాలు వణకడం నాకు కనిపిస్తోంది. పళ్ళ ఆసరా లేకుండా అంతసేపు పట్టుకోవడం అంటే చేతులతో కాకుండా వేళ్ళ కొసలతో బిందె మోయడం లాంటిది. నోటి పక్కనుంచి ఉమ్మి గడ్డం మీదికి కారింది. రెండు చేతులూ కీల మీద ఉన్నాయి కదా, తుడుచుకోవడానికి లేదు. ఆ చేతిగుడ్డ నా దగ్గర ఉంది, దాంట్లో పళ్ళు ఉన్నాయి. నాకేమీ తోచలేదు.

అవ్వ ముందుకు నడిచింది. బ్యాండు వరసలోకి, వీధి మధ్యకు. కొంగు అంచుతో తాత గడ్డం తుడిచింది, పొయ్యి దగ్గర గిన్నె అంచు తుడిచినంత మామూలుగా. తుడిచి, తాత పక్కనే నడవడానికి నిలబడిపోయింది.

తాత కళ్ళతో సుధీర్‌ను పిలిచాడు. పెదాలు తీయలేదు, తల కూడా కదపలేదు, కళ్ళే. సుధీర్ పక్కకు వచ్చి తన క్లారినెట్టులో కింది స్వరం ఒకటే పట్టుకున్నాడు, శృతిపెట్టె మాదిరి, సన్నగా. పాటను తాకలేదు. తాత ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఆ స్వరం కింద నిలబడి ఉంది. పాటను ఒక్కరే ఎత్తుకోవాలని ఉంది కానీ, పక్కన నిలబడకూడదని ఎక్కడా లేదు. నలభై ఏళ్ళలో తాత ఎవరినీ అలా పిలవలేదని తర్వాత చిక్కమునియప్ప చెప్పాడు.

టెంపో కదిలింది. పల్లకి కదిలింది. చౌడమ్మవాళ్ళ గుమ్మం దగ్గర ఆమె పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని నిలబడి ఉంది. చేతులు వణికే వయసు ఆమెది. హారతి పైకి లేచి, మూడుసార్లు తిరిగి, కిందికి దిగేవరకు తాత చివరి స్వరాన్ని వదల్లేదు. అది సన్నబడి, సన్నబడి, కర్పూరం వాసనలో కలిసిపోయినట్లు ఆగింది. తెగలేదు. ఆగింది.

ఆ వెంటనే డ్రమ్ములు ఒక్కసారిగా పేలాయి. చైతు పిచ్చిపట్టినట్లు కొడుతున్నాడు. ట్రంపెట్లు, శాక్సాఫోను, ఈలలు. వీధి వీధంతా "అమ్మా!" అని అరిచింది. సుధీర్ సినిమా పాట ఎత్తుకున్నాడు, ఇంక వాడి రాజ్యం. కుర్రాళ్ళు గంతులు మొదలుపెట్టారు.

తాత పక్కకు వచ్చి చౌడమ్మవాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు. పెదాలు వాచి ఎర్రగా ఉన్నాయి. నేను మంచినీళ్ళు ఇచ్చాను.

"ఏమప్పా గంగన్నా, పండ్లేడ పోయె?" అంది చౌడమ్మ, హారతి పళ్ళెం పట్టుకునే.

"ఈ పొద్దు వాటికి రజా ఇచ్చినానమ్మా, సెలవు," అన్నాడు తాత. "నలభై ఏండ్లుగా పని చేసిరి, పాపం."

"ఇవి కొత్తవి కదా, తాతా," అన్నాను నేను.

"కొత్తోళ్ళకు పని రాలేదు. అందుకే రజా."

చౌడమ్మ పళ్ళెం కింద పెట్టి మరీ నవ్వింది. నేనూ నవ్వాను, ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా. చిక్కమునియప్ప పాట మధ్యలో వదిలేసి మా దగ్గరికి వచ్చాడు. తాత ముందు నిలబడ్డాడు. తాత టోపీ సరిచేసి, "శ్రావణంలో మొదటి ముహూర్తానికి ఎత్తుకునేది నువ్వే గంగన్నా. నీకు ఎట్ల బాగుంటే అట్ల," అని వెళ్ళిపోయాడు.

వీధివాళ్ళు చుట్టూ చేరారు. ఇందాక మిద్దె మీదినుంచి అరిచిన పిల్లాడు కూడా దిగి వచ్చాడు. వాళ్ళక్క దివ్య ఫోను ఎత్తి పట్టుకుంది. "తాతా, ఒక ఫొటో. పళ్ళు పెట్టుకో, వెయిట్ చేస్తా."

నేను చేతిగుడ్డ మూట విప్పబోయాను. తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నన్ను ఒక పక్కకు, అవ్వను ఇంకో పక్కకు లాక్కుని, క్లారినెట్టు నిలువుగా ఒళ్ళో పెట్టుకుని, మీసం ఒకసారి దువ్వుకున్నాడు.

"దూరంనుంచి వద్దు పాపా, దగ్గరికి రా," అన్నాడు దివ్యతో. "మూతి బాగా కనిపిచ్చేట్ల తియ్యి."